ఇరుసునకు కందెన, పంపునకు కందెన

(నర్సీపట్నమునందలి యొక పఠనాలయమున మేము చేసిన ఉపన్యాసపు పాఠము)



మనలో ఎడ్లబండి తోలినవారు ఇంకను కొందరున్నారు. దూరప్రయాణమునకు ముందు బండివాడు చేయు మొదటి పని యేమి? ఇరుసునకు కందెన వేయుట. ఆముదములో గడ్డి కాల్చిన మసి రంగరించి, గొట్టములో పోసి, బండి క్రింద వ్రేలాడగట్టుకొని పోయెడివారు. కందెన తక్కువైన బండి పొలిమేర దాటకముందే ఊరంతకును వినబడును. ఇరుసు అరచును, ఎద్దులు మొరాయించును, యజమాని సిగ్గుపడి దిగి చూచును. నేటి డీజిలు బండితో వచ్చిన చిక్కేమనగా, దాని లోపల కందెన తక్కువైనపుడు అరపు వినబడదు. నెలలు గడచిన పిమ్మట, షెడ్డులో మెకానిక్కు ఖర్చుచీటీ వ్రాసి చేతికిచ్చినపుడే యజమానికి తెలియును.

మేము యంత్రశాస్త్రజ్ఞులము కాము. కోర్టులో వాదించుట మా వృత్తి. గ్రామపరిశ్రమల ప్రచారమున వాలంటీరు పని చేయుట మా వ్యసనము. ఈ విషయము మాకు ఒక వ్యాజ్యము మూలమున పట్టుబడినది. అది గెలిచిన వ్యాజ్యము కాదు. కనుకనే చెప్పదగినది.

మన ఊరినుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు ఘాటురోడ్డున జీపు నడపుకొని జీవించు ఒకాయన మా కడకు వచ్చినాడు. బండి అప్పుమీద కొన్నది. రోడ్డుప్రక్కన పీపాలలో ‘బయోడీజిలు’ అను పేర నొక సరకు బంకు ధరకంటె చవుకగా దొరకుచుండగా, కొన్ని నెలలు దానినే పోయించుకొనినాడు. ఒకనాటి సాయంకాలము, ఎక్కుడులో, జనముతో నిండిన బండి ఆగిపోయినది. పంపు విప్పి చూడగా లోపలి ఉక్కు గీరుకొని పోయియున్నది. ఆ రజను నాజిళ్లన్నిటిలోనికిని చేరియున్నది. పంపు మార్చవలెను, నాజిళ్లు మార్చవలెను, ట్యాంకు కడుగవలెను. ఆ ఖర్చునకు కిస్తీలు నిలిచిపోయినవి. కిస్తీలు నిలిచినందున అప్పిచ్చినవారు బండిని పట్టుకొనిపోయిరి. ఆయన అరిగిన ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చి మా బల్లపై నుంచి, “దీనికి న్యాయమేమి, బాబూ?” అని యడిగినాడు.

మేము నోటీసు వ్రాసితిమి. జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేసితిమి. అచట మమ్ము అడిగిన ప్రశ్నలు రెండే: రసీదు ఏది? నమూనా ఏది? రెండును లేవు. ఆ పీపాలు అప్పటికే అచటినుండి మాయమైనవి. ఫిర్యాదు కొట్టివేయబడినది. తీర్పు తప్పని మేమనజాలము. సాక్ష్యము లేని చోట న్యాయాధిపతి ఏమి చేయగలడు? కాని ఆ ముక్క ఎందుకు అరిగినదో తెలిసికొనవలెనను పట్టుదల మాకు కలిగినది. ఈ నాలుగు మాటలు ఆ పట్టుదల ఫలము.

పెట్రోలు యంత్రమునకు నిప్పురవ్వ కావలెను. డీజిలు యంత్రమునకు అక్కరలేదు. గాలిని గట్టిగా నదిమి వేడెక్కించి, ఆ వేడిగాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో అదియే అంటుకొనును. అట్లు చిమ్ముటకు మిక్కిలి యొత్తిడి కావలెను. నేటి కామన్‌రెయిలు బండ్లలో అది మన చుట్టునున్న గాలి యొత్తిడికి వేయి రెట్లు దాటి, రెండువేల రెట్లవరకును పోవును. పంపులో ఈ యొత్తిడిని పుట్టించు ఉక్కుకడ్డీని, అది ఆడెడు గొట్టమును కలిపి మన మెకానిక్కులు ‘ఎలిమెంటు’ అందురు. ఆ రెంటి నడుమ సందు రెండు మూడు మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెండ్రుక లావు ఏబది మొదలు నూరు మైక్రానులుండును. అంత యిరుకైన చోటికి ఇంజనాయిలు చేరదు. అచట ఉక్కునకును ఉక్కునకును నడుమ నిలుచునది డీజిలొక్కటియే. అనగా డీజిలు ఇంధనము మాత్రమే కాదు, ఆ పంపునకు కందెనయు నదియే. ఇరుసును కాల్చి బండిని నడుపు చోద్యము వంటిదిది!

ఆ కందెనగుణము తగ్గుటకు కారణమేమి? ముడినూనెలో గంధకము కలదు. అది కాలిన పొగ ఊపిరితిత్తులకును పైరులకును హాని. అందుచేత ప్రభుత్వములు డీజిలులో గంధకమునకు మితి పెట్టినవి. మన దేశమంతట 2010 నాటికి పదిలక్షల భాగములకు 350 భాగములుగా నున్న మితి, 2017 ఏప్రిలునుండి 50 అయినది. 2020 ఏప్రిలు 1 నుండి 10 అయినది. ఇది మంచి పని. దీనిని నిందించువారితో మేము ఏకీభవింపము. ఢిల్లీ నగరమున శీతకాలమున శ్వాస పీల్చినవారెవ్వరును నిందింపరు.

గంధకమే కందెన యనియు, దానిని తీసివేసినందున పంపులు చెడుచున్నవనియు మన షెడ్లలో వాడుక. ఇది సరి కాదు. గంధకమును తీయుటకు రిఫైనరీలో డీజిలును గొప్ప వేడిమియందును ఒత్తిడియందును హైడ్రోజను వాయువుతో కలుపుదురు. అప్పుడు గంధకముతోపాటు ఆక్సిజను, నత్రజని గల కొన్ని సూక్ష్మపదార్థములును తొలగిపోవును. లోహమును అంటిపెట్టుకొని పలుచని పొరగా నిలుచు గుణము వానిది. దొంగను పట్టబోయి కాపలావానిని గూడ పట్టుకొనిపోయినట్లయినది. ఈ సంగతి మొదట స్వీడను దేశమున బయటపడినది. 1991లో అచటి ప్రభుత్వము గంధకము మిక్కిలి తక్కువగల డీజిలునకు పన్ను తగ్గించి ప్రోత్సహింపగా, కొలదికాలములోనే పంపులు పాడగుచున్నవని మొర పుట్టినది. అంతట రిఫైనరీలవారు కందెనగుణము నిచ్చు మందులను కలుప నారంభించిరి.

ఆ గుణమును కొలుచుటకు ఒక పరీక్ష కలదు. ఆరు మిల్లీమీటర్ల ఉక్కుగుండును ఉక్కుబిళ్లపై 200 గ్రాముల బరువుతో నొక్కి, 60 డిగ్రీల వేడిగల డీజిలులో ముంచి, సెకనుకు 50 మారులు చొప్పున 75 నిమిషములు ముందువెనుకలకు రుద్దుదురు. పిమ్మట గుండుపై అరిగిన మచ్చను సూక్ష్మదర్శినితో కొలుతురు. మన దేశపు ప్రమాణమునుబట్టి ఆ మచ్చ 460 మైక్రానులు మించరాదు, ఐరోపాలోను అంతే, అమెరికాలో 520 వరకు సమ్మతింతురు. మచ్చ చిన్నదైనకొలది నూనె మంచిది. వడ్లు కొనువాడు గింజ కొరికి చూచినట్లు, ఇది నూనెను కొరికి చూచుట.

ఇందువలన మొదట గ్రహింపవలసిన దేమనగా, లైసెన్సుగల బంకులో కల్తీలేని డీజిలు కొనువానికి ఏ సీసామందును అవసరము లేదు. విశాఖపట్నమున 1957లో కాల్టెక్సువారి పేర వెలసి, నేడు హిందూస్థాన్ పెట్రోలియమువారిదిగా నున్న రిఫైనరీ మొదలుకొని ఏ రిఫైనరీయైనను ఆ 460 మితిలోనికి తెచ్చియే సరకు బయటికి పంపవలెను. ఆ పనికి కావలసిన మందు బహుస్వల్పము: పదిలక్షల భాగములకు నూరో, రెండునూర్లో. లోకమున విరివిగా వాడు అట్టి మందులలో నొకటి పైను కఱ్ఱతో కాగితము చేయుచోట లభించు కొవ్వుటామ్లము. అనగా భూగర్భతైలమునకు చెట్టునూనెయే కాపు!

మరి చెడునదెక్కడ? కల్తీలో. కిరసనాయిలు డీజిలుకంటె పలుచన; దానికి కందెనగుణము తక్కువ. అది కలసినపుడు బంకు డీజిలులోనున్న కొంచెము మందును పలుచనైపోవును. ఇక ‘బయోడీజిలు’ అని బోర్డు కట్టి ఏదో కార్ఖానా ద్రావకమును అమ్మువారి సంగతి చెప్పనేల? మా కక్షిదారుని ఎలిమెంటును తినినది అట్టి సరకేయని మా నమ్మకము. నమ్మకము సాక్ష్యము కాదని ముందే మనవి చేసితిమి.

సీసామందుల విషయము కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. దుకాణములలో రంగురంగుల సీసాలున్నవి. ప్రతిదానిమీదను పంపు ఆయువు రెట్టింపగునని వ్రాసియుండును. మన డ్రైవర్లలో కొందరు టూటీ ఆయిలు పోయుదురు, కొందరు వాడి తీసిన ఇంజనాయిలు వడగట్టి పోయుదురు, కొందరు వంటనూనెయే పోయుదురు. ఎవరి శాస్త్రము వారిది. 2007లో అమెరికాలో, డీజిలు బండ్ల యజమానుల ఉపయోగమునకై, ఇట్టి పదార్థములను కొన్నిటిని టెక్సాసు రాష్ట్రమందలి శాన్ అంటోనియో ప్రయోగశాలలో పైన చెప్పిన పరీక్షకు పెట్టించిరి. ఏ మందును కలుపని డీజిలుతో మచ్చ 636 మైక్రానులు. వాడిన ఇంజనాయిలును రెండునూర్లకొక పాలు కలుపగా 634: పోసినను పోయకున్నను ఒక్కటే. టూటీ ఆయిలు, అదే పాలున, 474: కొంత మేలు. మచ్చను తగ్గించుటకు మారు పెంచిన సీసాలును కొన్ని కలవు! నూటికి రెండుపాళ్లు బయోడీజిలు కలిపినపుడు 221. పెద్దపేరుగల మందులన్నియు దాని వెనుకనే నిలిచినవి.

ఒక్క పరీక్షతో లోకమంతయు తేలిపోదు. కాని నూటికి ఒకటి రెండు పాళ్ల బయోడీజిలు కందెనగుణమును నిలబెట్టునను విషయము దేశదేశముల పరీక్షలలో తేలినదే. టూటీ ఆయిలును గూర్చి ఒక హెచ్చరిక: పాత బండిలో చెల్లినది కొత్త బండిలో చెల్లదు. నేటి బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యొకటి కలదు. నూనెలోని బూడిద ఆ జల్లెడను పూడ్చును. వాడిన ఇంజనాయిలులోనైతే బూడిదయు, ఇనుపరజనును గూడ నుండును. పంపును కాపాడబోయి దానిలో ఇసుక పోసికొన్నట్లగును.

ఇక బయోడీజిలనగా నేమి? ఇది చెట్టునూనె కాదు, చెట్టునూనెనుండి చేసినది. నూరుపాళ్ల నూనెకు సుమారు పదిపాళ్ల మిథనాలు చేర్చి, కాస్టిక్ సోడా వంటి క్షారము కొంచెము వేసి, వేడిచేసి కలియబెట్టినచో, అడుగున గ్లిసరిను దిగును, పైన బయోడీజిలు తేలును. దానిని నీటితో కడిగి, తడి లేకుండ ఆరబెట్టవలెను. సబ్బు వండినవారికి ఈ పని అపరిచితము కాదు. మన దేశమున దీనికి ప్రత్యేకమైన ప్రమాణము కలదు. కాకినాడలో 2008లో కట్టిన కార్ఖానా మొదలుగా మన తీరముననే దీనిని పెద్దయెత్తున చేయు స్థలములున్నవి.

పచ్చినూనెను పోయరాదా యని పలువు రడుగుదురు. యంత్రము పుట్టినపుడు పోసినారు. 1900లో పారిసు ప్రదర్శనమున, రుడాల్ఫు డీజిలు మహాశయుడు కనిపెట్టిన తరహా యంత్రమొకటి వేరుసెనగనూనెతో నడచినది. చూచువారిలో బహుకొలదిమందికి మాత్రమే ఆ సంగతి తెలిసినదని ఆయనయే పిమ్మట చెప్పినాడు. ఫ్రెంచి ప్రభుత్వము ఆఫ్రికాలోని తన వలసలలో పండు వేరుసెనగను తలచి ఆ ప్రయోగము కోరినది. వలసల పంటతో వలసలను నడుపుకొను ఆలోచన! ఆ వేరుసెనగయే మన రాయలసీమకు ప్రాణమైన పంట యని ఎరుగుదుము. కాని నాటి మందయంత్రము వేరు, నేటి సన్నని నాజిలు వేరు. పచ్చి కానుగనూనె డీజిలుకంటె సుమారు పదిరెట్లు చిక్కన. తుంపరగా చిమ్మబడక, నాజిలు మొనయందు మసికట్టును. పిస్టను రింగులను బిగించును. పొలములోని పాత ఒంటిసిలిండరు ఇంజను కొన్నాళ్లు ఓర్చుకొనునేమో గాని, జీపునకు మాత్రము అది విషమే.

బయోడీజిలునకును దోషములు లేకపోలేదు. అది తడిని పీల్చును. చాలకాలము నిలువయున్నచో పులియును. పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును. ట్యాంకులో ఏండ్లతరబడి పేరుకొన్న మష్టును కరగించి ఫిల్టరునకు తెచ్చిపెట్టును. కానుగ, పామాయిలు మొదలగువాని బయోడీజిలు చలికి పేరుకొనును. లంబసింగిలో మాఘమాసపు తెల్లవారుజామున ముచ్చటగా మంచు చూడబోయినవారు, ట్యాంకునిండ అదియే పోసికొని పోయినచో మంచుతోపాటు గడ్డకట్టిన నూనెను గూడ చూచి రావచ్చును. నూటికి రెండుపాళ్లయినచో ఈ బాధలేవియు లెక్కకు రావు. ఐరోపాలో నూటికి ఏడువరకు సాధారణ డీజిలులోనే కలుప ననుమతింతురు. కందెనకు రెండు చాలును. బండివాడు ఇరుసుమీద ఆముదపు కుండను బోర్లింపడు గదా!

ఇపుడు కానుగ సంగతి. మన రోడ్లకిరువైపుల, చెరువుగట్లమీద, వాగులవెంట కానుగ కలదు. నీడకు మంచిది, పిండి పొలమునకు ఎరువు, నూనె పూర్వము దీపమునకు వాడిరి. చేదు, తినరాదు, కనుక అన్నమునకు పోటీ రాదు. ఏజెన్సీ ప్రాంతమున ఆడువారు, పిల్లలు కాయలు ఏరి సంతకు తెత్తురు. వ్యాపారి ఇచ్చిన ధరకు ఇచ్చి పోవుదురు.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ఉట్నూరు ప్రాంతమున, పవర్‌గూడ అను గోండుల పల్లె కలదు. అచటి స్త్రీల సంఘమువారు కానుగగింజలను తామే ఆడించి నూనె తీయు మిల్లు నడపిరి. పదేండ్లలో ఆ నూనె డీజిలునకు బదులుగా వాడబడినచో ఎంత బొగ్గుపులుసుగాలి తగ్గునో లెక్కకట్టి, 147 టన్నులకుగాను 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. మొత్తము పెద్దది కాదు. కాని గింజ అమ్మెడు చేయి నూనె అమ్మెడు చేయి యైనది. మా దృష్టిలో అదియే పెద్ద సంగతి.

ఇంతమాత్రమున కానుగతో దేశము నడచునని మీరు చప్పట్లు కొట్టవలదు. ఒక లెక్క చెప్పెదము. మన దేశమున 2023-24లో ఖర్చయిన డీజిలు సుమారు 9 కోట్ల టన్నులు. నూటికి రెండన్నచో 18 లక్షల టన్నుల బయోడీజిలు కావలెను. మిల్లులో నాలుగుపాళ్ల గింజకు ఒకపాలు నూనె వచ్చునని పట్టినను 72 లక్షల టన్నుల గింజ! అన్ని చెట్లేవి? ఏరువారేరి? 2003 ప్రాంతమున ఇట్టి లెక్క వేయకుండగనే అడవి ఆముదమును గూర్చి దేశమంతట డప్పు కొట్టిరి. బంజరులో నీరు లేకుండ పండునని చెప్పిరి. నాటినవారు పలువురు పీకివేసిరి; నీరు లేనిచోట చెట్టు బ్రతికినది గాని కాయ కాయలేదు. 2009 విధానమున 2017 నాటికి నూటికి ఇరువదిపాళ్లన్నారు. 2018 విధానమున 2030 నాటికి అయిదన్నారు. కాగితముపై అంకెను తగ్గించుటయు ఒక విధమైన సత్యనిష్ఠయే యని మేము సంతోషించితిమి.

కానుగ దేశపు సమస్తావసరమును తీర్చజాలదు. కాని ఒక మండలపు పంపుసెట్లకు, జీపులకు కావలసిన రెండుపాళ్ల కందెనను ఆ మండలపు చెట్లు ఇయ్యగలవు. ముడినూనెలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా విదేశమునుండి తెచ్చుకొను దేశమునకు ఇది చిన్న పొదుపే. దానికి అడ్డమేమనగా, యంత్రము కాదు, రసాయనము కాదు, గింజ ధర. రోజంతయు ఏరిన గింజకు వచ్చు సొమ్ము కూలికంటె తక్కువైనచో ఎవరు ఏరుదురు? నూనె పుల్లబడినదైనచో, కానుగలో నిది తరచు, ముందుగా ఆమ్లముతో ఒక పాకము, పిమ్మట క్షారముతో ఒక పాకము చేయవలసివచ్చి ఖర్చు పెరుగును. గింజను వానలో తడవనీయక ఎండబెట్టి దాచినచో ఆ ఖర్చు కొంత తప్పును. ఆ ఎండబెట్టు కళ్లము, ఆ తూకము, ఆ ధర ఏరువారి సంఘము చేతిలో నుండవలెనని మేము కోరుచున్నాము. మిథనాలు విషము, మండునది. దానిని ఇంటి వంటగదిలో కలుపబూనవలదని యువకులకు ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఊరికి గింజయు నూనెయు. పాకము లైసెన్సుగల కార్ఖానాకు. మధ్యనున్న దారిలో దళారి ఎంత తినుననునదే తేలవలసిన విషయము.

బండి యజమానులకు మా వృత్తిరీత్యా రెండు మాటలు. లైసెన్సుగల బంకులో సాంద్రత చూపుమని అడుగుటకు మీకు హక్కు కలదు. రిజిస్టరులోని అంకెకును కొలతకును భేదము మూడు పాయింట్లు మించరాదు. అయితే సాంద్రత సరిపోయినంతమాత్రమున కందెనగుణము సరిపోయినట్లు కాదు. ఆ పరీక్ష బంకులో జరుగదు. కావున రసీదు తీసికొనుడు. నిత్యావసరవస్తువుల చట్టము 1955 నుండియు కలదు. బయోడీజిలు అమ్మకమునకు కేంద్రప్రభుత్వము 2019లో నియమములు చేసినది. నమోదు లేక అమ్మువాడు నేరస్థుడు. చవుకసరకు ఎవరైన పోయజూచినచో నమోదు కాగితము చూపుమనుడు. ఏ కారణముచేతనైనను అనుమానము కలిగినచో, అదే దినమున ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టి, సాక్షుల యెదుట మూతకు సీలువేసి, తేదీ వ్రాసి దాచుడు. ఆ సీసా ఒక్కటి యుండినచో మా ఫిర్యాదు అట్లు ముగిసియుండెడిది కాదు.

ఆ జీపు యజమాని యిపుడు మరియొకరి బండికి డ్రైవరు. ఈ సభలో వెనుక వరుసయందే కూర్చున్నాడు. పేరు చెప్పవలదని కోరినాడు. ఆ ఎలిమెంటు ముక్కను మేము తెచ్చితిమి. బల్లపై నున్నది. వ్రేలితో తడిమినచో గీతలు తగులును. చూడగోరువారు దీపము కడకు వచ్చి చూడవచ్చును.